బండికి మోకరిల్లే నలొంగో

వాకిట్లోకి బండి వచ్చిందంటే చాలు, నలొంగో దాని ముందు మోకరిల్లి కుశలం అడుగుతుంది. మనిషిని కాదు, బండిని. పెద్దవాళ్లు ఎదురైతే ఆడవాళ్లు మోకాళ్ల మీదికి దిగి పలకరించడం ఉగాండాలో, ఆ కంపాలా నగరంలో మామూలే. కానీ బంపరుకు మోకరిల్లే మనిషి మాత్రం ఊరు మొత్తానికి ఒక్కతే.

ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆమె ఇంకొకరి షాపులో బండ్లు కడిగేది. ఒకరోజు ఎవరో పెద్దమనిషి కారు తలుపు మీద గీత కనిపించింది. అది ఆమె చేసింది కాదని ఆమెకు తెలుసు, యజమానికీ తెలుసు. అయినా కూలి కోసేసి, పనిలోంచి తీసేశారు. అప్పటికి ఆమె కవల పిల్లలు పాలు కూడా మానలేదు. ఆమె ఒక్క మాట అనలేదు. చేతిలో గుడ్డ శుభ్రంగా పిండి, తీగ మీద ఆరేసి ఇంటికి వెళ్లిపోయింది. అక్కడ కవలల తల్లిని నలొంగో అంటారు గనక అందరికీ ఆమె నలొంగోయే. అసలు పేరు అడిగితే ఆమే కాస్త ఆలోచించి చెప్పాలి.

ఆ రోజు మింగిన మాటలన్నీ ఇప్పుడు తన సొంత షాపులో బండ్ల ముందు కక్కుతోందని ఎదురుగా ఉండే బోడావాళ్ల అభిప్రాయం. మోటారుసైకిళ్ల మీద జనాన్ని ఎక్కించుకుని తిప్పే వీళ్లకు బేరాలు లేనప్పుడు నలొంగోయే వినోదం. ఒకసారి వేళాకోళానికి అనాసపళ్ల తోపుడుబండిని తోసుకొచ్చి వాకిట్లో నిలబెట్టారు. నలొంగో దానికీ మోకరిల్లింది.

“ఎడమ చక్రం కీళ్లనొప్పులా తల్లీ?”

బోడావాళ్లు పడీపడీ నవ్వారు. పళ్లవాడు నవ్వలేదు, ఆ చక్రం నిజంగానే ఊడేలా ఉంది. నలొంగో గ్రీజు పూసి పంపించింది.

ఇంకోసారి ఒక పాస్టరుగారు ఆమె మోకరిల్లింది తన ఆశీర్వాదం కోసమే అనుకున్నాడు. తల మీద చెయ్యేసి కళ్లు మూసుకుని ప్రార్థన లంకించుకున్నాడు. ఆయన ఆమెన్ అనేసరికి నలొంగో బంపరు కింది నుంచి, “ఇక్కడ సొట్ట ఉంది పాస్టరుగారూ, ప్రభువు చూశాడో లేదో, నేను మాత్రం చూశాను” అంది.

షాపులో పాలిష్ పని లాకెర్ అనే అమ్మాయిది. ఉగాండా ఉత్తరపు జిల్లాల నుంచి వచ్చింది. బుస్సుమనే పాలిష్ మిషను ఆమె చేతిలో పడితే పెంపుడు పిల్లిలా గుర్రుమంటుంది. పనిలో చేరిన కొత్తలో యజమానురాలి వాలకం చూసి ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది.

“లేవండి నలొంగో, జనం చూస్తున్నారు.”

“చూడనీవే. చూడాలనేగా!”

ఆ మాటకు అర్థం లాకెర్‌కు సెరుంజోగి వచ్చిన రోజున తెలిసింది.

సెరుంజోగి అంటే ఆ చుట్టుపక్కల సగం మేడలు కట్టిన కాంట్రాక్టరు. మర్నాడు కొడుకు పెళ్లిమాటల వేడుక. పొడుగాటి తెల్ల చొక్కాలు, బుట్టల నిండా కానుకలు, మేకలు, పాటలు, మగపెళ్లివాళ్లంతా వరసకట్టి పిల్ల ఇంటికి కదిలే రోజు. ఆ వరసలో ముందు నడవాల్సిన బండి సెరుంజోగి నల్ల ప్రాడో. దాన్ని అద్దంలా చెయ్యమని తెచ్చాడు. డ్రైవరు కలూలె ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. సెరుంజోగి వెనక సీట్లో ఫోనులో మేకల బేరం ఆడుతున్నాడు.

నలొంగో బంపరు ముందు మోకరిల్లింది. పలకరింపు బండికే, ఫోను వదలకుండా బదులు పలికింది మాత్రం వెనక సీట్లో సెరుంజోగి.

“బాగున్నారా అయ్యా?”

“మ్మ్.”

“ఇంట్లో అందరూ కులాసానా?”

“మ్మ్.”

అక్కడ పలకరింపు అంటే ఇంతే. ఒకరు అడుగుతూ పోవాలి, ఇంకొకరు మ్మ్ అంటూ పోవాలి. వినకపోయినా మ్మ్ అనొచ్చు. పెద్దమనుషులు చాలామంది వినరు.

“పెళ్లికొడుకు తిండి తింటున్నాడా?”

“మ్మ్.”

నలొంగో ఉన్నట్టుండి గొంతు పెంచింది. ఎదురు రోడ్డుకు కూడా వినపడింది. “గడ్డం కింద ఈ గీత ఏమిటి నాయనా? దీనితోనే మా ఇంటికి వచ్చావా?”

“మ్మ్” అన్నాడు సెరుంజోగి. “ఆ కుంటి మేక వద్దు, దాన్ని మార్చు” అని ఫోనులో అరిచాడు.

కలూలె గబుక్కున స్టీరింగు వెనక్కి తల దాచుకోవడం లాకెర్ కంట పడింది. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. మిషను అందుకుంది.

సెరుంజోగి పక్క హోటల్లో మటోకే అనే అరటికాయ ముద్దా వేరుశనగ పులుసూ లాగించి, త్రేన్చుకుంటూ తిరిగొచ్చాడు. ప్రాడో ధగధగలాడుతోంది. లాకెర్ ముఖం కూడా. ఈ పనిలో ఉన్న అన్యాయం అదే మరి. మురికి ఎన్నాళ్లుగానో దాచిపెట్టిన గీతను మెరుపు క్షణంలో బయటపెడుతుంది. కనిపించేలా చేసినవాళ్లే దోషులవుతారు.

“ఏయ్! ఏంటిది?” సెరుంజోగి బంపరు వైపు వేలు చూపించాడు. “నా బండిని గీరిందెవరు? నువ్వేనా? ఆ మిషను పట్టుకుంది నువ్వేగా!”

“నేను కాదయ్యా. ముందు నుంచే...”

“ముందు నుంచా! రేపు వియ్యాలవారి ముందు నా పరువు తీస్తావా? కొత్త బంపరు వెయ్యాలి, రంగూ వెయ్యాలి. ఈవిణ్ణి ఇప్పుడే పోలీసులకు అప్పగిస్తాను!”

ఒకసారి స్టేషనులో కూర్చున్న మనిషి చేతికి ఎవరు బండి ఇస్తారు? లాకెర్ గుడ్డను పిండుతూ నిలబడింది, అందులో చుక్క నీళ్లు లేకపోయినా. ఆ చేతులకేసి నలొంగో ఒక్క క్షణం చూసింది. పిండిన గుడ్డ సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు!

“అయ్యా, తప్పు నాది” అంది నలొంగో.

బోడావాళ్లు బండ్లు దిగి దగ్గరికొచ్చారు.

“తమరు తిరిగొచ్చాక పలకరించనే లేదు. పలకరింపు లేకుండా తగువేంటి? సిగ్గుచేటు!” అంటూ అక్కడే తడి సిమెంటు మీద మోకరిల్లింది.

ఇంతమంది ముందు మోకరిల్లిన ఆడమనిషికి బదులివ్వకపోతే రేపు ఏ ముఖంతో పెళ్లిమాటలకు వెళ్తాడు? సెరుంజోగి పళ్లు నూరుతూ నిలబడ్డాడు.

“భోజనం బాగుందా అయ్యా?”

“మ్మ్.”

“పులుసు చిక్కగా ఉందా?”

“మ్మ్.”

బోడావాళ్లు కూడా మెల్లగా వంతపాడసాగారు. మ్మ్, మ్మ్.

“మేక మారిందా?”

“మ్మ్.”

“పొద్దున ఈ గీతతోనే వచ్చావా అంటే తమరు మ్మ్ అన్నారు కదూ?”

“మ్మ్...” అనేసి సెరుంజోగి నాలుక కరుచుకున్నాడు.

“మ్మ్మ్మ్!” బోడావాళ్లు ఒక్క గొంతుతో ఘోషించారు. ఒకడు హారన్ కూడా కొట్టాడు.

“నేను... నేను అప్పుడు ఫోనులో ఉన్నా!”

“తమరు ఫోనులో ఉన్నారు, మేం రోడ్డు మీదున్నాం. మేమంతా విన్నాం పెద్దాయనా!”

లాకెర్ గట్టిగా నవ్వబోయింది. అంతలో సెరుంజోగి గిరుక్కున వెనక్కి తిరిగాడు.

“అయితే నువ్వేనన్నమాట, కలూలె! నన్నే మోసం చేస్తావురా? తాళాలిచ్చెయ్. రేపటి నుంచి రానక్కర్లేదు!”

కలూలె నెరిసిన తల దించుకున్నాడు. ఆ మధ్య ఎదురొచ్చిన ఒక బోడాను తప్పించబోయి గట్టుకు గీరించాడు, పాపం. మనిషి బతికాడు, బంపరు గీసుకుంది. ఆ మాట చెప్పుకోకుండానే తాళాలు తీసి సెరుంజోగి చేతిలో పెట్టాడు.

“ఉండండయ్యా, తొందరెందుకు! బండినే అడుగుదాం” అని నలొంగో బంపరుకు చెవి ఆనించింది. కళ్లు మూసుకుంది. “అలాగా... అయ్యో... అలాగా తల్లీ!”

“ఏమంటోంది?” అనేశాడు సెరుంజోగి ఉండబట్టలేక.

“మా గేటు దగ్గర రాయి కొరికిందట. లోపలికొస్తూ. పాపిష్టి రాయి! అది మాది గనక ఈ గీత బాధ్యత మాదే. లాకెర్, చూస్తావేం, మిషను పట్టు. ఆ రాయిని మాత్రం ఈ పూటే పనిలోంచి తీసేస్తాను.”

రాయిని పనిలోంచి తీసేసే మనిషితో ఏమని వాదిస్తాడు? లాకెర్ మిషను గుర్రుమంది, గీత కరిగిపోయింది. సెరుంజోగి బంపరు మీద వేలు రాసి చూశాడు, ముఖం పెట్టి చూశాడు, మీసం దువ్వుకున్నాడు. “మ్మ్” అన్నాడు, ఈసారి తెలిసే. తాళాలు కలూలె చేతిలో పడేశాడు. బోడావాళ్లు ఈలలేస్తూ ఆ నల్ల బండిని మలుపు దాకా ఊరేగించారు.

లాకెర్ గేటు దాకా వెళ్లి అటూ ఇటూ చూసొచ్చింది.

“నలొంగో, మన గేటు దగ్గర రాయేదీ?”

“తీసేశానుగా!”

లాకెర్ నవ్వాపుకోలేకపోయింది. “అయినా, గీత చూడగానే డ్రైవర్లనే అడిగెయ్యొచ్చుగా? బండిని అడగడమెందుకు?”

నలొంగో మోకాలి మీది సబ్బునురగ తుడుచుకుంది. “మనిషిని అడిగితే మనిషి ఉద్యోగం పోతుందే పిచ్చిదానా. బండిని అడిగితే బండి ఉద్యోగం పోదుగా!”

సెరుంజోగి ఇప్పటికీ అక్కడికే వస్తాడు. కాకపోతే గేటు దాటగానే ఫోను జేబులో పెట్టి, బండి దిగి, మోకాళ్లు పటపటమంటుంటే తనే బంపరు ముందు వంగి, ఉన్న గీతలు ఒక్కొక్కటే పైకి చెబుతాడు. పక్కన నలొంగో. “మ్మ్” అంటుంది ఆవిడ.

చదివే అయ్యలారా, అమ్మలారా, మోకరిల్లమని మిమ్మల్ని అడగను. బండి కడగడానికి ఇచ్చేటప్పుడు దిగండి. కడిగే మనిషి పేరు అడగండి. ఇద్దరూ కలిసి ఒక చుట్టు తిరిగి, ఉన్న గీతలన్నీ పైకి చెప్పుకోండి. మీ ఎదుట ఎవరైనా చెయ్యని గీతకు కూలి కోస్తుంటే నోరు మూసుకుని మ్మ్ అనకండి. అడగండి, గట్టిగా, ఎదురు రోడ్డుకు వినపడేలా.