సోమవారం మస్టర్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు ఏప్రిల్‌లో నన్ను గోదావరిఖనిలోని ఏరియా కార్యాలయానికి, కంప్యూటర్ విభాగంలో డిప్యూటీ మేనేజరుగా బదిలీ చేశారు. అప్పటికి నా సర్వీసు ముప్పై ఒక్కేళ్లు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ల పైచిలుకు ఉంది. బొగ్గు కంపెనీలో పనిచేశానంటే చాలామంది నన్ను నెత్తిన దీపం పెట్టుకుని గనిలోకి దిగిన మనిషిగా ఊహించుకుంటారు. నేను దిగింది వేళ్ల మీద లెక్కపెట్టినన్ని సార్లే. నా ఉద్యోగమంతా చల్లటి గదుల్లో, జీతాల పట్టీలు అచ్చువేసే ప్రింటర్ల దగ్గర మొదలై సెల్‌ఫోన్ యాప్‌ల దగ్గర ముగిసింది.

ఆ ఏడు మాకు అప్పగించిన పని మస్టర్‌ను కాగితం మీది నుంచి ఫోనులోకి మార్చడం. మస్టర్ అంటే కార్మికుడి ఒక రోజు హాజరు. పర్మనెంటు కార్మికులకు అది జీతం లెక్క మాత్రమే. బదిలీ వర్కర్లకు అది జీవితం. కొత్తగా చేరినవారిని బదిలీ వర్కర్లంటారు. పర్మనెంటు మనిషి రాని చోట వీళ్లు పనిలోకి దిగుతారు. జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్పై ఒకటి దాకా భూగర్భంలో నూట తొంభై మస్టర్లు నిండితే పర్మనెంటు అవుతారు. నూట ఎనభై తొమ్మిది దగ్గర ఆగితే కారు. మళ్లీ జనవరిలో ఒకటి నుంచి మొదలుపెట్టాలి.

మా విభాగంలో ఉన్నది నలుగురం. తేదీల భాగం నేనే రాస్తానని పట్టుబట్టాను. డిప్యూటీ మేనేజరు కూర్చుని కోడు రాయడమేమిటని మావాళ్లు వెనకాల నవ్వుకున్నారు కూడా. కానీ తేదీల విషయంలో నాకు కాస్త పొగరుండేది. రెండువేల సంవత్సరం వచ్చినప్పుడు కంప్యూటర్లన్నీ తారుమారవుతాయని దేశమంతా భయపడితే, మా జీతాల ప్రోగ్రాం ఒక్క రోజు కూడా ఆగకుండా దాటించింది నేనే. ఇరవై ఏళ్లుగా ఆ మాట ఎవరడిగినా అడగకపోయినా చెప్పుకుంటూ తిరిగాను.

ప్రతి గనిలోనూ మస్టర్ క్లర్కుకు ఒక ఫోను ఇచ్చాం. కార్మికుడు కార్డు చూపిస్తే ఆయన దాన్ని ఫోనుతో స్కాన్ చేస్తాడు, ఆ క్షణం మా సర్వర్‌లో నమోదవుతుంది. ఫోనులోని గడియారాన్ని నమ్మకూడదు. ఎవరైనా వెనక్కీ ముందుకీ తిప్పవచ్చు. అందుకని సర్వర్ గడియారాన్నే తీసుకుని, ప్రపంచమంతా ఒప్పుకున్న గ్రీనిచ్ కాలమానంలో దాచాం. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు నడుస్తుంది. ఇలా దాచడం ఈ వృత్తిలో అందరూ పాటించే పద్ధతే, అందులో తప్పేమీ లేదు.

ఆదివారం గనులకు సెలవు. అవసరం పడి ఆ రోజు పనికి పిలిస్తే దాన్ని ప్లే డే అంటారు. దానికి మేనేజరు ముందుగా అనుమతి ఇవ్వాలి. అనుమతి లేని ఆదివారం హాజరు పడనే పడకూడదని పర్సనల్ విభాగం, అంటే కార్మికుల సర్వీసు వ్యవహారాలు చూసే విభాగం, గట్టిగా చెప్పింది. అలాంటి హాజరు వస్తే వేరే జాబితాలోకి నెట్టేసేలా రాశాను. ఆ జాబితాను రోజూ ఎవరు చూడాలన్నది నేనూ రాయలేదు, వాళ్లూ అడగలేదు.

జులై మొదటి తారీఖున యాప్ మొదలైంది. ఆరు నెలలు చీకూచింతా లేకుండా నడిచింది. జనవరి రెండో వారంలో పర్మనెంటుకు అర్హులైన బదిలీ వర్కర్ల జాబితాను గనుల నోటీసు బోర్డుల మీద అతికించారు. అభ్యంతరాలకు పది రోజుల గడువు.

రెండో రోజు మధ్యాహ్నం రాజలింగు అనే బదిలీ వర్కర్ నా గదికి వచ్చాడు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ల మనిషి. తండ్రి ఆరోగ్యం చెడి గని పనికి పనికిరాడని తేలాక, ఆయన స్థానంలో వచ్చిన ఉద్యోగం. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా మస్టర్లు తక్కువ వడ్డయి సార్. నూట ఎనభై ఆరు అని రాసిన్రు. నా లెక్కల నూట తొంభై ఒకటి ఉన్నయి" అని జేబులోంచి చిన్న డైరీ తీశాడు.

ఏ రోజులు తగ్గాయని అడిగాను.

"ఐదు సోమవారాలు సార్."

సోమవారం అనగానే నాకు నవ్వొచ్చింది. బొగ్గు బెల్టులో సోమవారం నాగా గురించి తెలియనివాడు ఉండడు. ఆదివారం దావతు ముదిరి, సోమవారం పొద్దున ఒళ్లు లేవక డ్యూటీ ఎగ్గొట్టడం తాతల నాటి అలవాటు. ప్రతి గనిలోనూ అన్నిటికంటే తక్కువ హాజరు ఆ రోజే. అందుకే ఆలోచించకుండా అనేశాను. "ఆదివారం దావత్ గట్టిగ అయినట్టుందే" అన్నాను. మిషన్‌కు నీ మీద పగేమీ లేదని కూడా అన్నాను.

అతని మొహం నల్లబడింది. "నాకు తాగుడు అలవాటు లేదు సార్. మా ఇంటామె, పాప ఊళ్లె ఉంటరు. బదిలీ వర్కర్‌కు క్వార్టర్ ఇయ్యరు గద. ఆదివారం వోయి సూసి, సోమవారం మబ్బుల పాల బండెక్కి సీదా బాయి కాడికే వస్త. ఈసారి పర్మనెంట్ అయితే క్వార్టర్‌కు పెట్టుకోని వాళ్లను తోలుకచ్చుకుంట అనుకున్న" అన్నాడు. ఇక్కడివారి మాటలో మబ్బుల అంటే తెల్లవారకముందు, బాయి అంటే గని. డైరీ జేబులో పెట్టుకుని, "నేను దిగిన్నో లేదో ల్యాంపు రూముల అడుగుండ్రి సార్" అని వెళ్లిపోయాడు.

అతని మీద జాలితో ల్యాంపు రూముకు వెళ్లానని చెప్పుకోను. అభ్యంతరాన్ని తిరస్కరించాలంటే సాక్ష్యం జత చేయాలి, అది నిబంధన. మర్నాడు జీపులో గనికి వెళ్లాను. గనిలోకి దిగే ప్రతి మనిషీ టోపీ దీపం తీసుకునే గది ల్యాంపు రూము. అక్కడ పని చేసే స్వరూప, భర్త సర్వీసులో ఉండగా చనిపోతే ఉద్యోగంలోకి వచ్చింది. కంప్యూటర్ వచ్చాక కాగితం రిజిస్టర్ అక్కర్లేదని మేమే ఉత్తర్వు పంపాం. ఆమె మానలేదు. ఎవరు ఏ నంబరు దీపం తీసుకున్నారో, ఎప్పుడు తిరిగిచ్చారో ఇంకా చేత్తోనే రాస్తోంది.

రాజలింగు పేరు చెప్పగానే ఆమె రిజిస్టర్లు నా ముందు పడేసింది. ఐదు సోమవారాలూ అతని దీపం నంబరు ఉంది. దీపం ఇంకెవరైనా తీసుకుని ఉండవచ్చు కదా అన్నాను.

"దీపం లేకుంట ఎవ్వలు దిగరు సార్. ఒకని దీపం ఇంకోనికి నేనియ్య. లోపట ఏమన్న అయితే ఎవలు పైకి రాలేదో ఈ బుక్కు సూసే ఎతుకుతరు. మీ ఫోన్‌ల సూసి ఎతకరు" అంది. ఆ తర్వాత కాస్త తగ్గి, "ఆ పిలగాడు సోమవారం నాడు అందరికన్న ముందుగాల వస్తడు. షిఫ్టు ఏడింటికైతే, ఐదు కొట్టంగనే గేటు కాడ ఉంటడు. నైట్ షిఫ్టు క్లర్కే మస్టర్ ఎక్కిచ్చి కూసుండవెడ్తడు" అని చెప్పింది.

ఆఫీసుకు వచ్చి, ఆర్నెల్లుగా ఎవరూ తెరవని జాబితా తెరిచాను. రాజలింగు పేరు ఐదు చోట్ల ఉంది. ఐదూ ఆదివారాలే. మొదటి వరుసలో ఆదివారం 23:42 అని ఉంది. రాత్రి పదకొండు నలభై రెండుకు, సెలవు రోజున, అనుమతి లేకుండా గనికి ఎందుకు వచ్చాడా అని ఒక నిమిషం అతన్నే అనుమానించాను. ఆ తర్వాత గ్రీనిచ్ కాలమానం గుర్తొచ్చి ఐదున్నర గంటలు కలిపాను. సోమవారం తెల్లవారుజామున ఐదూ పన్నెండు.

తప్పు చాలా చిన్నది, సిగ్గుపడాల్సినంత చిన్నది. సర్వర్‌లో దాచిన సమయం పొడవాటి అక్షరాల వరుస. దానిలో మొదటి పది అక్షరాలు తేదీ. మన సమయంలోకి మార్చి ఆ తర్వాత తేదీ తీసుకోవాలి. నేను మార్చకుండానే ఆ పది అక్షరాలూ కత్తిరించి తేదీ అనుకున్నాను. అంటే పొద్దున ఐదున్నర లోపల వచ్చినవాళ్లందరూ నా లెక్కలో నిన్ననే వచ్చారు. ఆరు దాటాక వచ్చేవాళ్లకు, మధ్యాహ్నం షిఫ్టుకూ రాత్రి షిఫ్టుకూ వచ్చేవాళ్లకు తేడాయే రాదు. మేము యాప్‌ను పరీక్షించింది టీ తాగి పదింటికి. సోమవారం అంత పెందలాడే వచ్చేది ఊరి నుంచి సరాసరి డ్యూటీకి దిగే కొద్దిమందే. రాజలింగు మూడు వారాలకోసారి పొద్దుటి షిఫ్టులో ఉన్నప్పుడల్లా ఆ సోమవారం ఆదివారమైపోయింది. అందరికన్నా ముందు వచ్చినవాడికి నేను నాగా వేశాను. ఆపైన తాగుబోతని ఎగతాళి చేశాను.

మొత్తం జాబితా తీస్తే ముప్పై ఒక్క మంది తేలారు. చాలామంది పర్మనెంటువాళ్లు, కొందరు నూట తొంభై ఎప్పుడో దాటినవాళ్లు. వాళ్లలో ఎవరూ అడగలేదు. అవసరం ఉన్నవాడు ఒక్కడే అడిగాడు.

పర్సనల్ మేనేజరుకు విషయం చెప్పాను. ఆయన నా మేలు కోరే మనిషే. నెట్‌వర్క్ అంతరాయం అని రాసేయమని సలహా ఇచ్చారు. మేనేజరు హోదా కోసం నా ఇంటర్వ్యూ రెండు నెలల్లో ఉందని ఆయనకు తెలుసు. నేను ఒక పూట ఆలోచించాను. నెట్‌వర్క్ అని రాస్తే ఏ రోజు ఎక్కడ పోయిందో ఎవరికి వారు నిరూపించుకోవాలి, గడువు దాటిపోతుంది. ప్రోగ్రాం తప్పని రాస్తే ఒక్క ఉత్తర్వుతో ముప్పై ఒక్క మందివీ సరిదిద్దవచ్చు. నోట్ ఫైలులో తప్పు ప్రోగ్రాంలో ఉందనీ, ఆ ప్రోగ్రాం రాసింది నేననీ రాసి, సంతకం చేసి, స్వరూప రిజిస్టర్ పేజీల నకళ్లు జతచేశాను. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ప్రమోషన్ రాలేదు, డిప్యూటీ మేనేజరుగానే దిగిపోయాను. బాధపడలేదంటే అబద్ధం.

జనవరి చివరి వారంలో సవరించిన జాబితా వచ్చింది. రాజలింగు పేరు ఎదురుగా నూట తొంభై ఒకటి. ఫిబ్రవరిలో పర్మనెంటు ఉత్తర్వు అందుకుని, క్వార్టర్ దరఖాస్తు ఇవ్వడానికి మా కార్యాలయానికి వచ్చినప్పుడు కబురుపెట్టి పిలిచాను. ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడిగాను. అతను ఇబ్బందిపడి, "గదేం లేదు సార్" అన్నాడు.

నాకు ఒక అనుమానం మిగిలి ఉంది. పక్కన పడిన జాబితాలో అతని పేరు అక్టోబరు దాకానే ఉంది. ఆ తర్వాత పొద్దుటి షిఫ్టు వారాల్లో కూడా సోమవారాలు సక్రమంగా పడ్డాయి. పాల బండి మానేసి బస్సుకు రావడం మొదలుపెట్టావా అని అడిగాను.

"లేదు సార్, ఊరికి వోవుడే బంద్ వెట్టిన. కొన్ని సోమవారాలు వడ్తలెవ్వని క్లర్క్ సారు జెప్పిండు. ఊరికి వోయి అచ్చిన నాడే గట్లయితుందని నాకు సమజైంది. ఏ వారం వడ్తదో ఏ వారం వడదో తెల్వది. గదేదో కంపెనీ రూల్ అనుకున్న. దసరా అయినంక డిసెంబర్ ఎల్లేదాకా రూములనే ఉన్న" అన్నాడు. "పాప నడుసుడు అప్పుడే మొదలువెట్టింది. ఫోన్‌ల సూపిచ్చిన్రు" అన్నాడు.

అతను వెళ్లాక క్యాలెండరు తీసి లెక్కపెట్టాను. పదకొండు ఆదివారాలు.

తర్వాత మిగిలిన సర్వీసులో హాజరుకు సంబంధించిన ఏ మార్పు చేసినా, తెల్లవారుజామున ఐదింటికి ఏదో ఒక గని గేటు దగ్గర నిలబడి చూశాకే విడుదల చేశాను. యంత్రం దాచుకునేది ఒక క్షణాన్ని మాత్రమే. ఆ క్షణం ఏ తేదీ అవుతుందన్నది మనిషి నిలబడిన నేల మీద ఆధారపడుతుంది, ఆ మార్పిడి మనమే చేయాలి. ప్రోగ్రాం పక్కకు నెట్టినవాటిని రోజూ ఒక మనిషి చదవాలి. లెక్క తప్పిందని ఎవరైనా వస్తే ఆ మనిషి ఎలాంటివాడో ఆరా తీసే ముందు, తగ్గిన రోజులు ఏవో చూడాలి. నేను దీన్ని తలకిందులుగా చేశాను. మనుషులు తమకు అర్థం కాని తప్పును మా రూలే అనుకుని, దానికి తగ్గట్టు బతుకును మార్చుకుంటారని నాకు అప్పటిదాకా తెలియదు. రాజలింగుకు ఐదు మస్టర్లు వెనక్కి ఇవ్వగలిగాం. పదకొండు ఆదివారాలు ఇవ్వలేకపోయాం.