పసుపు పెట్టిన రాయి

ఊరి పొలిమేరలో వీరగల్లు, అంటే పోరులో చచ్చినవాడి బొమ్మ చెక్కి నిలబెట్టిన రాయి, కనబడితే నేను ఇప్పటికీ దాని ముఖం చూడను. జడ్చర్ల బస్టాండులో ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చున్న మనిషి వల్ల వచ్చిన అలవాటు ఇది.

నలభై దాటినవాడు. ఇస్త్రీ చొక్కా, వేలికి ఉంగరం. నారాయణపేటలో చీరల దుకాణమట, దానిపైనే సొంతిల్లట. పరాయి దేశంలో యుద్ధానికి మనుషులను తీసుకుంటున్నారని, అందులో చేరడానికి పోతున్నానని పెళ్లికి పోతున్నంత మామూలుగా చెప్పాడు.

"పైసల కోసమా?" అన్నాను.

"పైసలకేం తక్కువ లేదు సార్. మా నాయిన బతికినన్ని దినాలు దుకాణం నడిపిండు. పోయినంక ఎవ్వలు యాది జేస్తలేరు. మా ఊరి బయట ఎన్నటి యుద్ధంలనో సచ్చినోని రాయి ఉన్నది. వాని పేరు గూడ ఎవ్వలకు తెల్వదు. అయినా కొత్తగ పెండ్లయినోళ్లు వానికి మొక్కినంకనే ఇంటికి పోతరు."

ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. కొత్తగా చెక్కిన వీరగల్లు. కత్తి పట్టుకున్న ఆ బొమ్మకు ఇతని ముఖమే, ఇతని మీసాలే. నుదుటి మీద పసుపు ఇంకా తడిగా ఉంది.

"పసుపు ఎవరు పెట్టారు?"

"పొద్దుగాల మా ఇంటామె పెట్టింది. పిల్లలు మొక్కిన్రు."

"మరి మీరు క్షేమంగా తిరిగొస్తే?"

యుద్ధానికి పోతున్న ఆ మనిషి ముఖంలో భయం కనిపించింది అప్పుడే.

"మొక్కినంక ఎట్లొస్త సార్," అన్నాడు మెల్లగా.