సావిత్రికి సునీత చేతులు

ఏళ్ళ తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది షోలాపూర్, బీడీ కార్మికులుండే విడీ ఘర్కుల్ కాలనీ. మా ఆయన వాల్ హ్యాంగింగులకు బొమ్మలు గీస్తాడు. ముందు ఖాకీ కాగితం మీద సుద్దతో గీసుకుంటాడు, కుదిరాకే అది మగ్గానికి పోతుంది. ఆ ఏడు ఒక గుడివాళ్ళు సావిత్రి బొమ్మ నేయించమన్నారు. యముడి వెనకాలే చేతులు చాపి నడిచే సావిత్రి. ఆ చేతులు ఆయనకు ఎంతకీ కుదరలేదు. పక్కింటి సునీత, నేను మా వాకిట్లో బీడీలు చుడుతున్నాం. ఆయన సునీత చేతుల వంక చూసి, చెల్లె, ఒక్క నిమిషం అట్లనే చాపి ఉంచమన్నాడు.

ఒక్క నిమిషం కాస్తా రోజూ అయింది. నేను పక్కనే కూర్చుని ఆకు కత్తిరిస్తూ చూసేదాన్ని. అనుమానమా? కాదు. అనుమానమైతే పోట్లాడేదాన్ని, తేలిపోయేది. చాయ్ చల్లారిపోతున్నా ఆయన చూపు ఆ వేళ్ళ మీంచి కదలకపోతే నాకు కడుపు రగిలిపోయేది. నావి చేతులు కావా? ఆయనకు వండిపెట్టే ఈ చేతులు ఒక్కనాడైనా ఆయన కంటికి ఆనాయా? ఒకరోజు సిగ్గు విడిచి నేనే చేతులు చాపి కూర్చున్నాను. నీవి వద్దులే అన్నాడు, తలెత్తకుండానే.

మర్నాడు కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వరసలో సునీత అత్త నా ముందు నిలబడి ఉంది. మామూలుగానే అడిగింది.

"ఏందమ్మా, మా కోడలు ఎప్పుడు మీ ఇంట్లనే ఉంటది?"

"నాకేం ఎరుక అత్తమ్మా. నేనిటు వస్తనా, తిరిగి పోయేసరికి తలుపు ఏసి ఉంటది."

అబద్ధం. నేను లేనప్పుడు సునీత మా గడప తొక్కేదే కాదు.

ఆ సాయంత్రమే సునీతను మొగుడు కొట్టాడు. కొద్దిరోజుల్లోనే హోట్గి రోడ్ వైపు ఇల్లు మార్చేశారు. తర్వాత పుట్టింటికి కూడా పంపలేదట. మా ఆయన పాపం, ఏమీ ఎరగడు. ఆ మాట నలుగురికీ పాకి, చాలాకాలం కొంతం చౌక్‌లో జనం మధ్య నిలబడటానికే జంకాడు. ఇల్లు ఖాళీ చేసి పోయేముందు సునీత నా దగ్గరికే వచ్చింది. నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేను కొంగుతో ఆమె కళ్ళు తుడిచాను. ఎట్లా తుడవగలిగాను?

బొమ్మ నేశారు. చూసినవాళ్ళంతా సావిత్రి చేతులే మెచ్చుకున్నారు. ఇప్పటికీ ఆ గుడికి పోతే నాకు ముందు పుట్టేది బాధ కాదు, కుళ్ళే. ఇది దాచిపెడితే మీకు సగమే చెప్పినట్టు.

మొన్న సునీత ఫోన్ చేసింది. వాళ్ళత్త పోయిందట. అదీ ఇదీ మాట్లాడి, ఆఖర్న అంది: "గా మాట అందరు నమ్మిండ్రక్కా. నువ్వొక్కదానివే నమ్మలె."

ఊఁ అన్నాను.

క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. ఆమెకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. కానీ తలుపు వేసి ఉంటుందన్నది నేనేనని ఇక్కడ రాసేశాను. కాస్త ఊపిరాడుతోంది.