బిడ్డ వంతు బియ్యం

మొగుళ్లపల్లిల వీరయ్యలు నలుగురున్నరు. ఏ వీరయ్య అని మీరు అడుగుతే ముగ్గురికి ఇంటి పేరు చెప్తరు. నాలుగో ఆయనకు ఇంటి పేరు అక్కరలేదు. "కోడికి టికెట్ తీసినాయనా?" అని నవ్వుకుంట ఇల్లు చూపెడ్తరు.

కత కాదు, నిజమే. ఓసారి సంచిల కోడిని పెట్టుకొని భూపాలపల్లి బస్సెక్కిండు. కండక్టర్ చూడలె. చూసినా పోనీలే అనుకునేటోడు పాపం. ఈ మారాజే లేచి నిలబడి "సార్, నా తాన కోడున్నది, దానికి సుత టికెట్ కొట్టుండ్రి" అన్నడు. బస్సు బస్సంత పగలబడి నవ్వింది. పక్కన కూసున్న పెండ్లాం అండాలు కొంగు మొకానికి అడ్డం పెట్టుకొని కిటికీ దిక్కు తిరిగింది. దిగేదాక మళ్ల ఇటు తిరగలె.

అట్లాంటి మనిషి. మిర్ప బస్తాల మీద జర నీళ్లు చల్లితే తూకం పెరుగుతదని ఊరంతటికి ఎరుకనే, వీరయ్యకూ ఎరుకనే. అయినా చల్లడు. "నీతోని ఎట్ల బతుకుడయ్యా" అని అండాలు నెత్తి కొట్టుకుంటే "గిట్లనే బతికినం గదనే ముప్పై ఏండ్లు" అంటడు. ఆమె లేచి పొయ్యి కాడికి పోతది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, భాగ్య. కరోనా రాకముందటేడు జనగామ దిక్కు దేవరుప్పుల ఎల్లేశ్‌కు ఇచ్చి పెండ్లి చేసిండ్రు. ఎల్లేశ్ సెంట్రింగ్ పని చేస్తడు. మాట తక్కువ, మనసు మంచిది. బిడ్డను సాగనంపి ఇంకా మూడొద్దులు కాలే, పందిరి గుంజలు ఇంకా పీకనే లేదు, వీరయ్య ఒక కాయితం ముందలేసుకొని కూసున్నడు.

"ఏందది?" అన్నది అండాలు.

"రేషన్ కార్డుల నుంచి బిడ్డ పేరు తీసేసే కాయితం. ఇక్కడ కొట్టేయిస్తేనే అక్కడ అత్తగారి కార్డుల ఎక్కుతది. అది రూలు. ఇంట్ల లేని మనిషి మీద మనం బియ్యం తినొద్దు గదా."

కార్డు ఇంటి ఆడామె పేరు మీద ఉంటది గనుక వేలిముద్ర పెట్టాల్సింది అండాలే. వీరయ్యకేమో తెల్లారి వరంగల్ మార్కెట్‌కు మిర్ప తోలుడు ఉన్నది. కాయితం ఆమె చేతుల పెట్టి, మీసేవల ఇచ్చి రమ్మని చెప్పి పోయిండు. తిరిగొచ్చి "ఇచ్చినవా?" అంటే "ఆఁ" అన్నది. గంతే. ఆయన సంబురంగ అల్లునికి ఫోన్ కొట్టి, మా దిక్కు పని అయిపోయింది బిడ్డా, ఇగ నువ్వు ఎక్కించుకో అని చెప్పిండు.

ఎల్లేశ్ దరఖాస్తు పెట్టిండు. పెట్టి ఏం లాభం? ఆ ఏండ్లల్ల కొత్త కార్డులూ లేవు, ఉన్న కార్డులల్ల కొత్త పేర్లూ లేవు. దేవరుప్పులల పెండ్లయి వచ్చిన కోడండ్లందరిదీ అదే గతి, పుట్టింటి కార్డుల లేరు, అత్తింటి కార్డుల లేరు. బియ్యమే గదా, కొనుక్కొని తిందాం అనుకున్నరు. భాగ్యకు బుజ్జి పుట్టింది. బుజ్జి నడక నేర్చింది, మాటలు నేర్చింది. కార్డు సంగతి అందరూ మర్చిపోయిండ్రు.

మొన్నటి చలికాలం భాగ్యకు ఆయాసం మొదలైంది. ముందుగాల బిందె ఎత్తితే వచ్చేది. తర్వాత నాలుగు మెట్లు ఎక్కితే వచ్చేది. ఆఖరుకు బుజ్జికి జడేసినా వచ్చేది. జనగామ దవాఖానల చూసి హన్మకొండకు రాసిండ్రు. అక్కడి పెద్ద డాక్టర్ గుండెల వాల్వ్ సన్నబడ్డదని, కొత్త వాల్వ్ వెయ్యాలెనని, వారం లోపల చేర్పియ్యుండ్రి అని చెప్పిండు. "ఆరోగ్యశ్రీల అయితది. కార్డు తెచ్చుకోండి" అన్నడు. బియ్యం కార్డుల పేరుంటే ఆపరేషన్ ఖర్సు సర్కారు పెట్టుకుంటది. లేకుంటే మూడున్నర లక్షలు.

ఎవ్వలూ వీరయ్యను ఒక్క మాటన్నోళ్లు లేరు. అల్లుడు అనలె, వియ్యంకుడు అనలె. అన్నా జర నిమ్మళం అయితుండెనేమో. బిడ్డను నా చేతులతోని నేనే కార్డుల నుంచి ఎల్లగొట్టిన అని లోపల్లోపల కుమిలిపోయిండు. కార్డును మళ్లొకసారి చూద్దామని ఎవ్వలకన్నా తట్టిందా అంటే తట్టలె. కోడికి టికెట్ తీసిన మనిషి పేరు కొట్టేయించిన అన్నంక ఇగ ఎవలు చూస్తరు? రూలు అంటే వీరయ్య, వీరయ్య అంటే రూలు.

నాలుగు రోజులు మామా అల్లుడు ఆఫీసుల చుట్టూ తిరిగిండ్రు. కొత్త పేర్లు ఇప్పట్ల ఎక్కయి అన్నరు. పత్తి అమ్మిన పైసలు ఎప్పుడో మందులకూ అప్పుల మిత్తికీ పోయినయ్. ఇగ భూమి అమ్ముడొక్కటే మిగిలింది. అమ్ముతనన్నా వారంల ఎవడు కొంటడు?

ఐదో రోజు బస్టాండ్ల కట్టయ్య కలిసిండు. మనూరోడే, దవాఖానల చుట్టూ తిరిగి పనులు చేపిస్తా అంటడు. కత మొత్తం విని చెవుల చెప్పిండు. "మీ అన్న బిడ్డ సంధ్య లేదా? భాగ్య ఈడుదే, వాళ్ల కార్డుల పేరు సుత ఉన్నది. దాని ఆధార్ పట్టుకరా. ఆ పేరు మీద చేర్పిద్దాం. కడమదంత నేను చూసుకుంట."

వీరయ్య వాని దిక్కు చూసిండు. ఇంకో రోజైతే వాన్ని అక్కడనే నిలబెట్టి కడిగేస్తుండె. ఆ రోజు మాత్రం అన్న ఇంటికి పోయి, తల వంచుకొని సంధ్య ఆధార్ అడుక్కొని అంగీ జేబుల పెట్టుకున్నడు. ఆ జేబు ఎంత బరువైందో ఆయనకే తెలుసు. పెండ్లానికి సుత చెప్పలె.

మర్నాడు పొద్దుగాల నలుగురూ దవాఖానకు పోయిండ్రు. బుజ్జిని వియ్యపురాలి తాన ఇడిసి వచ్చిండ్రు. ఆరోగ్యశ్రీ బల్ల కాడ బుష్రా అనే పిల్ల కూసున్నది. జనగామ పిల్ల, నెమ్మదిగ మాట్లాడుతది, పొద్దున్నుంచి వంద మందికి చెప్పిందే చెప్తున్నా చిరాకు లేదు.

"రా పెద్దయ్యా, కూసో. పేషెంట్ పేరేంది?"

వీరయ్య నోరు తెరిచిండు. "సం..." అన్నడు. ఆ పైన రాలె. జేబుల నుంచి తీయబోయిన ఆధార్ సగం బయటికొచ్చి ఆగింది.

వెనక బిడ్డ భుజం పట్టుకొని అండాలు నిలబడ్డది. ఆ సగం కార్డు మీద సంధ్య ఫొటో కనబడ్డది ఆమెకు. ఒక్క గడియల అంతా సమజైంది. మొగని మొకం చూసింది. ముప్పై ఏండ్లల్ల ఆ మొకం మీద అంత చెమట ఆమె ఎన్నడూ చూడలె. కోడి టికెట్ కోసం లేచి నిలబడ్డ మనిషి గిప్పుడు అబద్ధమాడనీకె కిందిమీద పడుతున్నడు. తట్టుకోలేకపోయింది. గబగబ ముందుకొచ్చి ఆయన చేతిని జేబులకు నూకింది.

"పేరు భాగ్య, బిడ్డా" అన్నది బుష్రాతోని. నడుముకున్న చిక్కం సంచిల నుంచి మాసిన కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "జర ఈ నంబర్ చూడు."

"ఏమే, పిచ్చి లేసిందా? దాంట్ల బిడ్డ పేరు లేదు. నేనే కొట్టేయించిన" అన్నడు వీరయ్య.

"చూడనీ పెద్దయ్యా, చూస్తే పోయేదేముంది" అని బుష్రా నంబర్ కొట్టింది. తెర మీదికి చూసుకుంట చదివింది. "అండాలు. వీరయ్య. భాగ్య. ముగ్గురున్నరు గదా, ఇంకేం పరేషాన్?"

"ఇంకోసారి చూడు బిడ్డా."

ఆ పిల్ల తెరనే ఆయన దిక్కు తిప్పింది. వీరయ్యకు చదువొచ్చు. మూడో పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివిండు. చదివి పెండ్లాం దిక్కు తిరిగిండు.

"కాయితం ఇచ్చిన అన్నవ్?"

ఇగ దాచేదేముందని అండాలు చెప్పింది. "మీసేవ దాక పోయిన. కాయితం అక్కడ కూసున్నాయన చేతుల పెట్టిన సుత. పేరు ఎందుకు తీస్తున్నరో రాయాలె అవ్వా, మనిషి సచ్చిపోయిందా, పెండ్లయి పోయిందా అని అడిగిండు. రెండు ఒక్క వరుసల్నే ఉన్నయట దాంట్ల. బిడ్డ గడప దాటి మూడొద్దులాయె. ఇల్లంత బోసిగున్నది. నా వేలు లేవలేదయ్యా. కాయితం గుంజుకొని వచ్చి పెట్టెల పెట్టిన."

"మరి నాకెందుకు చెప్పలె?"

"నీకా? చెప్తే తెల్లారే పోయి కొట్టేయించి వద్దువు. నేను ఎరుగనా నిన్ను?"

"అప్పుడు కాదే, ఇప్పుడు! వారం సంది కుక్క లెక్క తిరుగుతున్న గదనే!"

అండాలు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "ఐదేండ్లు బిడ్డ మీద బియ్యం తీసుకున్న. చెప్తే కేసైతదేమో, ఉన్న కార్డు సుత గుంజుకుంటరేమో అని బుగులు పట్టింది. ఇయ్యాల చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటనే ఉన్న. నువ్వు అబద్ధం మొదలువెడితివి. అది మాత్రం చూడలేకపోయిన."

బుష్రా అంతా విన్నది. "కేసు లేదు గీసు లేదు అవ్వా. ఈమె పేరు ఇంకే కార్డుల లేదు. మనిషన్నంక ఎక్కడో ఒక కాడ ఉండాలె గదా. భాగ్యక్కా, ఇటురా, వేలిముద్ర పెట్టు."

భాగ్య వేలు పెట్టింది. మిషన్ మీద పచ్చలైటు వెలిగింది. పైనుంచి మంజూరు రావాలె, పొద్దూకేవరకు వస్తదని బుష్రా చెప్పింది. ఎల్లేశ్ గోడకు మొకం పెట్టి నిలబడ్డడు. మాట తక్కువోడు, ఏడుపు సుత చప్పుడు లేకుండనే ఏడ్చిండు.

అందరూ బెంచి మీద కూసున్నరు. వీరయ్య జేబుల నుంచి సంధ్య ఆధార్ తీసి అండాలు ఒళ్లె పెట్టిండు. "నేను గింత పనికి వచ్చిన" అన్నడు.

"చూసిన" అన్నది అండాలు. కార్డును కొంగుకు తుడిచి చిక్కంల పెట్టుకున్నది. "మర్చిపోకుండ ఇచ్చి రావాలె పిల్లకు."

జర సేపటికి వీరయ్యకు మళ్ల రూలు యాదికొచ్చింది. యాదికి రాకుంటే వీరయ్య ఎట్లయితడు? "అవునే, నెలనెలా బిడ్డ వంతు ఆరు కిలోలు వచ్చినయ్ గదా. ఐదేండ్ల బియ్యం ఏం చేసినవే?"

"ఏం చేస్తరు బియ్యంతోని? వండిన."

"వండి?"

"నీకే పెట్టిన. ఐదేండ్ల సంది రెండోసారి అడిగి మరీ తింటివి, ఎక్కడియి అనుకున్నవ్?"

భాగ్యకు నవ్వాగలె. ఆయాసపడుకుంట, గుండె మీద చెయ్యి పెట్టుకొని "బాపూ, నువ్వు దొంగ బియ్యం తిన్నవే" అని నవ్వింది. బిడ్డ నవ్వి నెల దాటింది. ఆ నవ్వు విని వీరయ్యకు కోపం చేసుడు చేతకాలె, ఆయన సుత నవ్విండు. నవ్వుతనే దస్తీతోని కండ్లు తుడుసుకున్నడు.

పొద్దూకంగ మంజూరైంది. మూడో రోజు ఆపరేషన్ చేసిండ్రు. ఐదు గంటలు పట్టింది. ఆ ఐదు గంటలు వీరయ్య అండాలు చెయ్యి ఇడవలె. పది మంది చూస్తున్నరని ఆమె గుంజుకోబోయింది, ఆయన ఇయ్యలె. దవాఖానోళ్లు ఇంటికి పంపిన రెండు వారాలకు బిడ్డకు సూప్ పెట్టాలెనని నాటుకోడిని సంచిల వేసుకొని దేవరుప్పులకు బస్సెక్కిండు. ఆ కోడికి సుత టికెట్ తీసిండు. ఈసారి అండాలు కిటికీ దిక్కు తిరగలె, చిల్లర ఆమెనే తీసిచ్చింది.

ఎండకాలం దాటినంక కార్డులల్ల కొత్త పేర్లు ఎక్కుడు మొదలైంది. ఒక ఆదివారం ఎల్లేశ్, భాగ్య, బుజ్జి మొగుళ్లపల్లికి వచ్చిండ్రు. భాగ్య బస్టాండ్ నుంచి ఇంటిదాక నడిసే వచ్చింది, ఎక్కడా ఆగలె. ఎల్లేశ్ సంచిలకెల్లి ఒక కాయితం తీసి మామ ముందల పెట్టిండు. "సైటు తెరిచిండ్రు మామా. ఇక్కడ కొట్టేయిస్తే అక్కడ ఎక్కిస్తరట."

పొయ్యి కాడ అండాలు చేతుల గంటె ఆగింది. ఇటు తిరగలె.

వీరయ్య కాయితం చేతికి తీసుకొని కింది దాక చదివిండు. సచ్చిపోయిందా, పెండ్లయిందా అన్న ఆ గీత కాడ జర ఆగిండు. అండాలు చెప్పినట్టే ఉన్నది, రెండు పక్కపక్కనే. కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి పెండ్లానికి ఇచ్చిండు.

"పెట్టెల పెట్టు. డాక్టర్ ఏడాది దాక గోలీలు వేసుకోవాలె, చూపిచ్చుకోవాలె అన్నడు. ఇక్కడ కొట్టేసి అక్కడ ఎక్కకపోతే మళ్ల ఎక్కడికి ఉరుకుతం? ఏడాది కానీ, చూద్దాం."

"మరి రూలో బాపూ?" అన్నది భాగ్య, నవ్వాపుకుంట.

వీరయ్య పీట గుంజుకొని కూసున్నడు. అండాలు పల్లెంల అన్నం పెట్టి చారు పోసింది. ఆయన కలుపుకొని రెండు బుక్కలు తిని తల పైకెత్తిండు.

"ఏమే, ఈ అన్నంల బిడ్డ వంతు ఎంతుంటది?"

"మూడోవంతు."

వీరయ్య పల్లెం ముందుకు నూకిండు. "గట్లయితే ఇంకో గంటెడు పెట్టు."