కత్తిరిస్తే పెరిగిన మఖమలు

మా వదిన చేతిలో గుడ్డ కత్తిరించినకొద్దీ పెరిగేది. సరే, పెరిగేది కాదు. కానీ తగ్గాల్సినంత తగ్గేది కాదని మాత్రం ఎక్కడైనా చెబుతాను.

ఆవిడ ఇంటి ముందుగదిలోనే బట్టలు కుట్టేది. కిటికీ పక్కన మిషను, గోడ పొడవునా బల్ల. ఒకరోజు సాయంత్రం వాళ్ల అమ్మాయి మొదటిసారి వేదికెక్కి పాడాలి. పిల్ల మెడ మీద చిన్నప్పుడు కాలిన మచ్చ ఉంది.

"కాలర్ లేకపోతే నేను పాడనమ్మా," అని తెగేసి చెప్పింది.

ఉన్నది ముప్పావు మీటరు పచ్చ మఖమలు. అలాంటిది మళ్లీ దొరకదు. పిల్ల గౌను పైభాగానికే మీటరులో మూడింట రెండు వంతులు పోతుంది. కాలర్‌కి కుట్టుబడితో కలిపి నాలుగు వేళ్ల వెడల్పు, అంటే బెత్తెడు గుడ్డ కావాలి. మిగులుతుందా?

మా అన్నయ్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి లెక్క కట్టాడు. "నాలుగింట మూడులోంచి మూడింట రెండు తీసెయ్. పైన మూడులోంచి రెండు పోతే ఒకటి. కింద నాలుగులోంచి మూడు పోతే ఒకటి. ఒకటి కింద ఒకటి, అంటే నిండు మీటరు మిగులుతుందే! కాలరేం ఖర్మ, నాకో చొక్కా కూడా కుట్టు."

"ముప్పావులో కోస్తే మీటరు మిగులుతుందా? అలాంటి గుడ్డే ఉంటే మీతో నాకేం పనండీ, రాణిలా బతికేదాన్ని!"

నవ్విందేగాని వదిన కత్తెర ముట్టుకోలేదు. మీటరు పొడవు రిబ్బను తీసి నాలుగు సమభాగాలుగా మడిచింది. ఆ మడతనే మళ్లీ మూడుగా మడిచి, ఇస్త్రీ పెట్టెతో అదిమి, విప్పింది.

రిబ్బను పొడవునా పన్నెండు గళ్లు, అన్నీ ఒకే కొలత! అంతవరకూ ఒకదానికొకటి పొసగని పావులూ మూడో వంతులూ ఆ గళ్లలో సర్దుకుని కూర్చున్నాయి. ముప్పావంటే తొమ్మిది గళ్లు. మూడింట రెండంటే ఎనిమిది.

"ఒకటి," అంది వదిన మెల్లగా. మిగిలిన ఆ గడి మీద నాలుగు వేళ్లు ఆనించింది. అచ్చంగా బెత్తెడు. అన్నయ్య నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు.

అప్పుడు కత్తెర కదిలింది. సాయంత్రం పచ్చ కాలర్‌లోంచి తలెత్తి పిల్ల పాడింది.

ఇదంతా రాసి మొన్న వదినకి చదివి వినిపించాను.

"నీ కోతలకి హద్దు లేదా మరిదీ? రిబ్బనూ లేదు, గళ్లూ లేవు. గుడ్డ చాలదని చూడగానే తెలిసింది. కాలర్ కుట్టనే లేదు. మచ్చ కనిపిస్తూనే పాడింది నా కూతురు. అంతా అబద్ధం, కొట్టెయ్!"