కమలక్కకు చెప్పిన ముగింపు

పాలు మాడిన వాసన వస్తే ఇప్పటికీ నాచారంలో మా పక్కింటి కొత్తకోడలు కమలక్క గుర్తొస్తుంది. నాకప్పుడు పదేళ్లు. ఉప్పల్ లైబ్రరీలో ఎవరూ ముట్టని ఒక నవల, అంగారకుడి మీదికి వెళ్లిన అమ్మాయి కథ, చదవమని నేనే ఆమెకు బలవంతంగా ఇచ్చాను. అది చదువుతూ పొయ్యి మీది పాల సంగతి మరిచిపోయింది. వాళ్లత్త పుస్తకం లాక్కొచ్చి నా చేతిలో పెట్టింది.

"మల్ల గిసుంటియి తేకు."

మర్నాడు నల్లా దగ్గర కమలక్క మెల్లగా అడిగింది. "ఆఖరికి ఆ పిల్ల ఇంటికొచ్చిందా?"

నిజానికి ఆ పిల్ల అక్కడే తోట వేసుకుని ఉండిపోతుంది. అలా చెబితే అక్క బాధపడుతుందనుకున్నాను.

"వచ్చిందక్కా. పెండ్లి గూడ అయింది."

"గంతేనా?" అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ ముఖం ఎందుకు చిన్నబోయిందో నా పెళ్లయ్యాక గానీ అర్థం కాలేదు. అప్పటికి, అసలు ముగింపు చెబుదామంటే కమలక్క ఎక్కడుందో తెలియదు.