అన్నిటికీ లేదన్న మావ

డెబ్భైల్లో, బెంగాల్లోని మా రైల్వే క్వార్టర్ల వరసలో బీయే పాసయినోళ్ళలో నేనే మొదటిదాన్ని! రిజల్టొచ్చిన వారానికే రైల్వే ఆస్పత్రి డాక్టరుబాబు పిలిపించి కొన్ని ఇంగ్లీషు ప్రశ్నలు నా సేతికిచ్చినాడు. దిగులు తగ్గడానికి మాత్రలు మింగేవోళ్ళకి నోరెండిపోతోందా, సేతులొణుకుతున్నాయా, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయా, ఇలాటివి.

"తెలుగులో రాయి. నలుగురినడిగి, సరిగ్గా పనిసేస్తాదో లేదో సూడు" అన్నాడు.

నేను ఆగుతానా? ఖరిదా బజారులో కూరలమ్మే దీదీకి కూడా సెప్పేసినాను.

ముందు పక్కింటి మావనడిగినాను. వర్క్‌షాపులో క్రేను డ్రైవరు. నిచ్చెనెక్కి కప్పు కింద క్రేన్లో కూకోవాలి. తిండీ మాటా మానేస్తే డాక్టరుబాబే ఆ మాత్రలిచ్చినాడు.

"నోరెండిపోతోందా మావా?"

"లేదు." అంటూనే సెంబెత్తి గటగటా తాగినాడు.

"సేతులొణుకుతున్నాయా?"

"లేదు." నీళ్ళు లుంగీ మీద ఒలికినాయి.

"లేస్తే కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదంటుంటే! ఈ కాయితం ఎక్కడికెళ్తాది? ఆఫీసుకా?"

"డాక్టరుబాబుకి."

"ఆయనకి జీతమెవులిస్తారు? రైల్వే కాదేటి?"

వంటింట్లోంచి అత్త, "సదువుకుని మన మీదే సీఐడీ అయినాది" అంది.

మిగతావోళ్ళూ అంతే. అన్నిటికీ లేదు. డాక్టరుబాబు బెంగాలీలో అడిగించిన కాయితాలు పక్కన పెట్టుకుని నన్నే అనుమానించినాడు. "బెంగాలీలకెండే నోరు తెలుగోళ్ళకెండదా? ఇంట్లో కూకుని నువ్వే నింపేసినావా?"

ఒళ్ళు మండింది. ఈయన ఇవి నిజంగానే ఆఫీసుకి పంపుతాడేమోనని నాకూ అనుమానమొచ్చింది. అయినా, ఊరుకోకుండా, మజ్జిలో ఒక ప్రశ్న కలిపి మళ్ళీ మావ దగ్గరికెళ్ళినాను.

"ఆకలి బాగా ఏస్తోందా మావా?"

"లేదు" అన్నాడు, నోటినిండా అన్నం పెట్టుకుని.

అప్పుడు తెలిసింది. రైల్వేవోళ్ళు మెడికల్ పరీక్షకి పిలిసినప్పుడల్లా ఏటడిగినా లేదనడం వీళ్ళకలవాటు. అవునంటే అన్‌ఫిట్, క్రేను పోతాది. ఆ మాటే డాక్టరుబాబుకి సెప్పినాను. ఆయన ఒక్క నిమిషం ఆలోసించి, "ఠీక్ హై. పేరొద్దు, వర్క్‌షాపు టికెట్ నంబరొద్దు" అన్నాడు.

పరిగెత్తుకెళ్ళి మావకి సెప్పినాను. మావ నావేపు అదోలా సూసినాడు.

"పేరు లేకపోతే, కళ్ళు తిరుగుతున్నది నాకేనని ఆయనకెలా తెలుస్తాది?"

అత్త గరిటతోనే బయటికొచ్చింది. "నిచ్చెన మీద కూడానా?"

మావ సెంబందుకుని నీళ్ళు తాగినాడు.

సాయంత్రమే అత్త ఆయన్ని దగ్గరుండి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరుబాబు మాత్ర తగ్గించి, వారం సెలవు రాసినాడు. సెలవు సీటీలో క్రేను పోయే రోగమేదైనా రాసినాడేమోనని అత్త నాసేత రెండుసార్లు సదివించుకుంది.

మావ మళ్ళీ క్రేనెక్కిన రోజు సాయంత్రం వర్క్‌షాపు సైరన్ కూసేదాకా అత్త గుమ్మంలోనే నిలబడిపోయింది. నన్ను సూసినా పలకరించలేదు. మావ సైకిల్ దిగి తూలకుండా నడిసొచ్చినాక నావేపు తిరిగింది.

"లోపలికి రా. టీ పెడతాను. ఆ కాయితాలు మాత్రం బయటే ఉంచు."